చేపలు లేని కుంట

అంట్లు తోమి, బట్టలు ఆరేసి, నానమ్మకు మాత్రలిచ్చాకే అమ్మ కుంట దగ్గరికి వెళ్లాలి. అది నాన్న షరతు. ఊరి చివరి బీడులో వన్యప్రాణుల సంస్థవాళ్లు ఆ కుంట కొత్తగా తవ్వించారు. వారానికోసారి చేతివలతో నీళ్లు గాలించి, తెల్లటి పళ్లెంలో బోర్లించి, ఏయే ప్రాణులు చేరాయో చూసి చెప్పే పని అమ్మకిచ్చారు.

"కప్పల్ని పలకరించి వచ్చావా తల్లీ?" అంటుంది నానమ్మ. "వాటికైనా నీ వంట నచ్చుతుందేమో అడక్కపోయావా?" అంటాడు నాన్న. అమ్మ నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ నవ్వంటే నాకు ఒళ్లు మంట. కానీ నేను మాత్రం తక్కువా? బళ్లో టీచరమ్మ నన్ను వేరే పిల్ల పేరుతో పిలిచినా పలుకుతాను.

ఈ ఆదివారం నేనూ అమ్మ వెంట వెళ్లాను. పళ్లెంలో వెనక కాళ్లు అప్పుడే మొలిచిన కప్పపిల్లలు, వాటి మధ్య మట్టిరంగు పురుగొకటి. "తూనీగ పిల్లే ఇది! ఎవరూ తెచ్చి వేయలేదు. తల్లి వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెట్టింది" అంది అమ్మ. ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అంతలో నాన్న సైకిల్ దిగాడు. చేతిలో బకెట్, దాన్నిండా చేపపిల్లలు.

"కుంట బోసిగా ఉందని నీ కోసమే తెచ్చానే. పెద్దవైతే కూరకూ పనికొస్తాయి."

నిజంగా ప్రేమగానే అన్నాడు. అందుకే నాకు భయమేసింది. ఆ ముఖం చూసి అమ్మ కాదనలేకపోతుందనుకున్నాను.

"వద్దండీ."

"ఊరుకో, నీకేం తెలుసు?" అని బకెట్ వంచబోయాడు.

అమ్మ బకెట్ అంచు పట్టుకుంది. "వద్దన్నానుగా. ఇవి పడితే ఈ పిల్లల్లో ఒక్కదాన్నీ మిగల్చవు. ఇది నా పని. ఇక్కడ ఏం చేయాలన్నా నన్నడగాలి."

నాన్న నావైపు చూశాడు, నేను నవ్వుతానేమోనని. నేను పళ్లెం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"మరి వీటినేం చేయను?" అని అమ్మనే అడిగాడు.

"తెచ్చినచోటే ఇచ్చేయండి. నాకు ఆలస్యమవుతుంది, అత్తయ్యకు అన్నం మీరు పెట్టండి."

గొణుక్కుంటూనే వెళ్లాడు. సైకిల్ మలుపు తిరిగాక అమ్మ వల కడుగుతున్నట్టు రెండు చేతులూ నీళ్లలో ముంచింది. అవి వణుకుతున్నాయి. నేను చూడలేదనుకుంది.

చూడటం నా అదృష్టం. ఆ చేతులు వణకకపోయి ఉంటే, అలాంటి మాటలు ధైర్యం ఉన్నవాళ్లకే వస్తాయని జీవితాంతం అనుకునేదాన్ని.