పొడి కలిపే గదిలో నిద్ర

‘డ్యూటీలో నిద్ర’ అని సూపర్‌వైజరు పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్న మా అక్క గురించి రాశాడా మాట. నేను పక్కనే ఉన్నాను. నేనూ నిద్రే అనుకున్నాను. ఆ సంగతి దాచుకుని ఈ కథ చెప్పే ముఖం నాకు లేదు.

సొంత అక్క కాదు. గదిలో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ అక్క. మందుల ఫ్యాక్టరీలో షుగరు జబ్బు బిళ్లల కోసం మందు పొడీ పిండీ పెద్ద డ్రమ్ములో పోసి కలపడం మా పని. మూత తీస్తే గదంతా తెల్లటి దుమ్ము. రోగుల ఒంట్లో చక్కెర తగ్గించే ఆ మందు మా ముక్కుల్లోంచి పోయి మాకూ తగ్గిస్తుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. అందుకే అందరి జేబుల్లో పంచదార పొట్లాలుంటాయి. దుమ్ము లాగే మిషనుంది గానీ, అది ఖరీదైన మందును కూడా లాగేస్తోందని మేనేజరు ఆపించాడు.

“మనకింక డాక్టరెందుకురా? గాలి పీలిస్తే చాలు, మందు ఊరికే వస్తుంది” అని నవ్వించేది అక్క.

ఆ రోజు మనవరాలికి జ్వరమని, కంటి మీద కునుకు లేదని చెప్పింది. పాపం కాసేపు పడుకోనీ అని ఆమె డ్రమ్ము పని కూడా నేనే చేశాను. గంట తర్వాత తట్టి లేపితే లేవలేదు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

మర్నాడు మేనేజరు అందరినీ క్యాంటీన్‌లో నిలబెట్టి ఓ కాగితం చదివాడు. ఆమెకు ముందునుంచీ జబ్బుందట. అందరూ సంతకాలు పెట్టాలట.

“ఏం జబ్బండీ?” అడిగింది ప్యాకింగ్ పెద్దమ్మ.

“ఏదో ఒకటి. అది డాక్టరు చూసుకుంటాడు.”

“పెట్టేద్దాం. పోయిన మనిషి తిరిగొస్తుందా? మన పొట్ట మనమే కొట్టుకుంటామా?” అన్నాడు డ్రమ్ములు మోసే బాబాయి.

నాకు దుఃఖం ఆగలేదు. “అక్కని నేనే చంపాను. చెమట పట్టడం, సోలిపోవడం మనకి రోజూ ఉండేదేగా. చావుని కూడా నిద్రనుకున్నాను!”

పెద్దమ్మ నా భుజం పట్టుకుంది. “నువ్వొక్కడివేనా? తలుపు అద్దంలోంచి నేనూ చూశాను. పడుకోనీలే అనుకున్నాను.”

“నేనూ చూశా” అంది మరో గొంతు. ఇంకొకటీ లేచింది.

బాబాయి కాగితాన్ని వెనక్కి నెట్టేశాడు. “మిషను ఎవరు ఆపించారో రాసుకురండి సార్. అప్పుడు పెడతా సంతకం.”

ఆ రోజు పొడి గదిలోకి ఎవరూ వెళ్లలేదు. ఎనభై మందిమి గేటు ముందు కూర్చున్నాం. మూడో రోజు పోలీసులొచ్చి పెద్దమ్మనీ, బాబాయినీ, నన్నూ వ్యానెక్కించారు. అప్పుడే మేనేజరు మా పనికి లారీలో కొత్తవాళ్లను దింపించాడు.

“ఆ గదిలో ఎవరు పోయారో, ఎందుకు పోయారో అడిగి వెళ్లండమ్మా!” పెద్దమ్మ గొంతు చించుకుని అరిచింది.

ఒకామె ఆగింది. మా వాళ్లను అడిగింది. అంతా విని, లోపలికి వెళ్లకుండా వాళ్ల పక్కనే కూర్చుంది. ఆమె వెనకే మిగతావాళ్లూ ఒక్కొక్కరే కూర్చున్నారు. అది చూడ్డానికి అక్క లేదే అని, వ్యాను కదులుతుంటే వెక్కివెక్కి ఏడ్చాను.