శివమ్మ చెవుల్లో దూది

నంద్యాల దూదిమిల్లు ఆఫీసులో టెలిఫోను తుడిచేదీ, దాని తీగకు పడిన మెలికలు తీసేదీ శివమ్మే. అదేమంత కష్టం కాదు. సాయంత్రం రిసీవరును బల్ల మీంచి కిందికి వేలాడదీస్తే, గిరగిరా తిరిగి అదే విప్పుకుంటుంది. కాకపోతే, మనుషులు ఫోన్లో నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటలే కదా మెలికలయ్యేది! విప్పేటప్పుడు అవి బయటికొస్తాయి. ఒకరి మాట ఇంకొకరు వినడం మర్యాద కాదని శివమ్మ చెవుల్లో దూది కుక్కుకునేది. మిల్లులో దూదికేం కరువు!

శుక్రవారం మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. ఆళ్లగడ్డ పత్తి అంగడి నుంచి మద్దిలేటి ఫోను చేసేది ఆ రోజే. మద్దిలేటి ఆమె మొగుడు. మూడేండ్ల కిందట మాటామాటా పెరిగి, "నీ మొగం నాకు చూపియొద్దు" అనిందామె. ఆ మహానుభావుడు నిజంగానే చూపించలేదు. "ధరెంత?" అని గుమాస్తా సుబ్బయ్యను అడిగి పెట్టేసేవాడు. అంతదానికే తీగ ముడిపడేది. ఆ ముడిని శివమ్మ విప్పకుండా తీగ మొదట్లోకి తోసేసేది.

ఈ శుక్రవారం ఆమె పనికి ఆఖరు. "ఒంటిగా ఎన్నాళ్లుంటావు?" అని నందికొట్కూరు నుంచి అన్న రేపు తీసకపోను వస్తాండాడు. పెట్టె సర్దింది. ఒక కంచం, ఒక చెంబు. సర్దేదానికి అంతకు మించి లేదని ఏడుపొచ్చింది.

వచ్చేవాళ్లకు చిక్కుతీగ వదిలిపోవడం నచ్చక, మొదట్లోని ముడిని గోళ్లతో పట్టింది. రాలేదు.

"పొయ్యేదానికి ఇంక మర్యాదేంది!" అని చెవుల్లో దూది పీకేసింది.

ముడి వదులైంది. "శివమ్మ ఉందా ఆడ?" మద్దిలేటి గొంతే. ఇంకో మెలిక. "శివమ్మ ఉందా ఆడ?" మూడేండ్ల శుక్రవారాలన్నీ అదే మాట. ఒకదాంట్లో దగ్గు, ఒకదాంట్లో వాన చప్పుడు. సుబ్బయ్య కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

"అన్నా, ఆళ్లగడ్డకు కలుపు."

"ధర చెప్పేసినా కదమ్మా."

"కలుపన్నా!"

కలిపి రిసీవరు ఆమె చేతికిచ్చాడు. "ఏందీ, ధర మారిందా?" అన్నాడు మద్దిలేటి.

నోటిదాకా వచ్చిన మాటను శివమ్మ మింగబోయింది. ఆమె వేళ్ల మధ్య తీగ మెల్లగా మెలిపడబోయింది.

"ఉండా," అనిందామె గబుక్కున. "ఈడనే ఉండా."

అవతల గుటక వేసిన చప్పుడు.

"మింగొద్దు," అనింది శివమ్మ. "మళ్లా చిక్కు తీసేది నేనే."