ఇంటిని ఆరబెట్టే మిషను

"మనది నెట్ జీరో ఇల్లు మామయ్యగారూ" అని గృహప్రవేశం రోజున కోడలు చెప్పగానే, మామగారు ఫోను గుండెకు హత్తుకున్నారు.

"నెట్ లేకపోతే నాకు వార్తలెలా వస్తాయమ్మా?"

కోడలు ఓపిగ్గా విడమరచింది. మేడ మీది సోలార్ పలకలు ఏడాదంతా ఇచ్చే కరెంటూ, ఇల్లు ఏడాదంతా తినే కరెంటూ సమానం కావాలి, అంతే.

ఇళ్ల డిజైనరుగా ఆమె గీసిన మొదటి ఇల్లది. సముద్రం పక్క ఊరు. ఎండ మాడుస్తుంది, గాలిని పిండితే నీళ్లొస్తాయి. అందుకని తలుపులూ కిటికీలూ బిగుతుగా పెట్టించి, మెట్ల కింద గదిలో గాలిలోని చెమ్మను పీల్చి బకెట్లోకి వదిలే మిషను బిగించింది. ఏడాది చివర లెక్క కుదిరితే ఆఫీసు ఆమెకు మరో పది ఇళ్లు అప్పగిస్తుంది. కుదరకపోతే మళ్లీ పార్కింగు గీతలు గీసుకోవడమే.

ఏడాది నిండడానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా మీటరు, పలకలు ఇచ్చినదానికన్నా పదకొండు యూనిట్లు ఎక్కువ ఖర్చు చూపించింది. ఎండాకాలం మిగిలిందంతా వానాకాలం మింగేసింది. వాడకం తడిసి మోపెడైంది. మామగారు లైటు వేయకుండా స్నానాలగదికెళ్లి షాంపూతో పళ్లు తోముకున్నారు. భర్త ఫ్రిజ్‌ను దొంగను చూసినట్టు చూస్తున్నాడు.

కోడలి కన్ను మాత్రం బకెట్ మీద పడింది. రోజుకోసారి నిండేది మూడుసార్లు నిండుతోంది.

"అత్తయ్యా, తలుపులన్నీ వేసే ఉన్నాయి. ఇంత తడి ఎక్కణ్ణుంచి?"

"వానలు కదమ్మా" అంటూ అత్తగారు మెట్ల గది తలుపుకు వీపు ఆనించారు.

కోడలు ఆవిణ్ణి పక్కకు జరిపి తలుపు తీసింది; లోపలన్నీ ఆరేసిన తడిబట్టలే. పక్కింటి లాయరు నల్లకోటు, ఎదురింటి టీచరమ్మ కర్టెన్లు, ఎవరివో తొమ్మిది దుప్పట్లు.

"నువ్వేగా అన్నావు, ఈ మిషను ఇల్లంతా ఆరబెడుతుందని. ఇంటినే ఆరబెట్టేది చొక్కాను ఆరబెట్టదా? మూడు నెలలుగా ఈ వీధిలో నాకెంత గౌరవమో తెలుసా?"

"పదకొండు యూనిట్ల గౌరవం అత్తయ్యా. నా పది ఇళ్లూ పోతాయి."

ఆ సాయంత్రమే అత్తగారు బట్టల తాళ్లన్నీ విప్పించి, మేడ మీద సోలార్ పందిరి కింద గాలాడేచోట తనే కట్టారు.

ఆరో రోజు ఏడాది లెక్క చూడ్డానికి ఆఫీసు పంపిన ఇన్‌స్పెక్టరు వస్తే వీధంతా గేటు దగ్గర చేరింది.

"రెండు యూనిట్లు మిగులే. కానీ మూడు నెలలుగా వాడకంలో ఈ పెరుగుదల ఏమిటి?"

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు ముందుకొచ్చారు.

"నేను చెబుతానుండండి. అది బట్టలారేసే మిషను కాదు, గాలిని ఆరబెట్టేది. మేమేమో వీధి తడంతా మోసుకొచ్చి అదే గాలిలో కలిపాం. పాపం, పొద్దస్తమానం తాగుతూ కూర్చుంది. లాయరుగారూ, మీ కోటొక్కటే రెండు చెంబులు."