రెండు చుట్టల వాటా

చుట్టకు చుట్టే పై ఆకును దమియానా అరచేత్తో సాపుచేసి, అర్ధచంద్రంలాంటి కత్తితో అంచు కోసింది. పక్కన సెనోబియో కొయ్య అచ్చులోంచి చుట్ట లోపలి ఆకుకట్ట తీసి ఆమె ముందుకు జరిపాడు. అతను లోపలి ఆకు కట్టాలి, దాని మీద ఆమె పై ఆకు చుట్టాలి. ఎస్తెలీ ఊరి చుట్టల కార్ఖానాలో బల్లకు ఇద్దరే.

"మరీ బిగించావు. పీల్చేవాడి బుగ్గలు రెండూ లోపల అతుక్కుపోతాయి" అంది.

"నీ నోటి ముందు అదెంతలే అక్కా."

ఆమె నవ్వింది. అంతర్యుద్ధం ముగిశాక రెండేళ్ళుగా ఇద్దరికీ ఇదే బల్ల. బల్ల అంచున మేకుకు ఆమె కొడుకు ఎల్మెర్ ఫొటో. పంతొమ్మిదేళ్ళకే పోయాడు. జలాపా వెళ్ళే బస్సును అడవిలో ఆపి, వాడితోపాటు అందర్నీ దింపి కాల్చినవాళ్ళెవరో ఆమెకు తెలియదు. తెలిస్తే ఈ కత్తి చాలని ఒకసారి సెనోబియోతోనే అంది. ఆ పూట అతను కట్టిన కట్టలన్నీ వదులుగా వచ్చాయి.

పొద్దున్నే మేస్త్రీ మనిషికి రెండేసి చుట్టలు వాటా పెట్టి వెళ్ళాడు. సెనోబియో తన రెండూ రోజూ సాయంత్రం ఆమె బుట్టలో వేస్తాడు. "నాకు దగ్గు" అంటాడు. ఆదివారం ఆమె అరుగు మీద చుట్టల పిచ్చివాళ్ళు నలుగురు చేరి, ఒకే చుట్టను చేతులు మార్చుకుంటూ దాని రుచి మీద పోట్లాడుకుంటారు.

తొమ్మిదింటికి పక్క బల్లకు ఎవెలియో అనే కొత్తవాడు వచ్చాడు. కొత్తవాడికి చుట్ట ముట్టించి అందించడం ఆ వరసలో ఆనవాయితీ. దమియానా తన వాటాలో ఒకటి వెలిగించి, అతనికి అందించమని సెనోబియోకు ఇచ్చింది. అతని కుడిచేతిలో అచ్చు ఉంది. ఎడమచేత్తో అందించాడు. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు.

ఎవెలియో అందుకోలేదు.

"ఈ చెయ్యి నాకు తెలుసు. జలాపా బస్సులోంచి నన్ను జుట్టు పట్టి ఈడ్చింది ఇదే. శవాల కింద పడుకుని చూశానురా!"

దమియానా సెనోబియో వైపు తిరిగింది. "కాదని చెప్పు."

"నేనే అక్కా. ఫొటో చూశాకే మేస్త్రీని ఈ బల్ల అడిగాను."

ఆమె కత్తి లేచింది. అంతకుముందే ఎవెలియో కత్తి దిగింది. మొదటి వేటుకు సెనోబియో చెంప దవడదాకా తెగింది. రెండోది పక్కటెముకల కింద దిగింది. అతను చేతులు అడ్డం పెట్టలేదు. ఎవరో పీటతో ఎవెలియో ముఖం మీద కొట్టారు. ముక్కు విరిగిన చప్పుడు వినిపించింది. కోసిన ఆకులన్నీ నెత్తుట్లో తేలాయి.

దమియానా చేతిలోంచి కత్తి జారింది. తడి ఆకులు గుప్పెడు తీసి గాయం మీద అదిమింది. ఒకదాని మీద ఒకటి, ముడత లేకుండా, రోజూ చుట్టినట్టే.

"వదిలెయ్ అక్కా."

"నోర్ముయ్. నువ్వు చస్తే నేనెవర్ని అడగాలి? చివర్లో నా కొడుకేమన్నాడు?"

అతని పెదవులు కదిలాయి.

"చుట్ట ఉందా అన్నాడు. ఉంది. ఇవ్వలేదు."

ఆమె చేతుల కింద పొట్ట ఇంకోసారి లేచింది. మళ్ళీ లేవలేదు.

అతన్ని మోసుకుపోయాక దమియానా చేతులు కడుక్కుంది. మేకు నుంచి ఫొటో తీసి బుట్టలో పెట్టుకుంది. బయటికి నడిచింది.

బల్ల మీద, అచ్చు పక్కన, సెనోబియో వాటా చుట్టలు రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.