బస్తా కొన్న రీలు

ఎడమ డొక్కలో పడిన గుద్దుకు బస్తా నోట్లోంచి గాలి బుస్సుమని బయటికొచ్చింది. నొప్పికి వచ్చింది కాదది, నేర్పుగా వదిలింది. దెబ్బ తగిలే క్షణానికి ఊపిరి వదిలేస్తే పక్కటెముక నిలుస్తుంది, బిగబడితే విరుగుతుంది. ఈ సంగతి తెలుసుకునేసరికి అతనికి రెండు పక్కటెముకలు ఖర్చయ్యాయి. రెండో గుద్దు దవడ మీదికి వస్తుంటే గడ్డం ఛాతీకి ఆనించి నుదురు అప్పగించాడు. మూడోది ముక్కు మీద పడింది. ముక్కు మీద బస్తా ఎప్పుడో ఆశ వదులుకున్నాడు. రక్తం పైపెదవి మీదుగా జారి ఉప్పగా నోట్లోకి దిగింది.

"వెనక్కి పోకు బస్తా! నిలబడు! వాడికి కొట్టడానికి మనిషి కావాలి, పరిగెత్తేవాడు కాదు!" తాళ్ళ అవతలినుంచి కోచ్ అరిచాడు.

బస్తా నిలబడ్డాడు. అతని ఉద్యోగమే అది. ఆ బాక్సింగ్ హాలులో పోటీలకు వెళ్ళేవాళ్ళు వేరే ఉన్నారు. బరిలోకి దిగేముందు వాళ్ళకు ప్రాణమున్న మనిషిని కొట్టి చూసుకోవాల్సిన అవసరం ఉంటుంది. ఆ ప్రాణమున్న మనిషి ఇతను, బస్తా అన్న పేరూ అందుకే వచ్చింది. మూలన గొలుసుకు వేలాడే ఇసుక బస్తాకూ ఇతనికీ తేడా ఒక్కటే: ఇతను అప్పుడప్పుడు తిరిగి ఒకటి తగిలిస్తాడు. అదీ మెత్తగా, ఎదుటివాడు ఒళ్ళు మరిచిపోకుండా ఉండేటంత మాత్రమే. ఆ మెత్తదనం చేతిలో ఉండబట్టే ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు.

ఈ మధ్య ఆ చెయ్యే మాట వినడం లేదు. కుడి మణికట్టు నుంచి వేళ్ళదాకా చీమలు పాకినట్టుంటుంది. ఉన్నట్టుండి ఆ చీమలు కూడా పోయి, చెయ్యి ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది. ఎవరికీ చెప్పలేదు.

గంట మోగింది. ఎదుటివాడు ఉమ్మి, చేతులు దించాడు. వాడింకా దేనికీ ఛాంపియన్ కాలేదు గాని హాలంతా అప్పుడే ఛాంపియన్ అని పిలుస్తోంది. వాడి గుద్దు తిన్నవాళ్ళెవరూ ఆ పిలుపుకు అభ్యంతరం చెప్పలేదు.

"మధ్యాహ్నం మెల్లగానే," అన్నాడు కోచ్, బస్తా ముక్కులో దూది కుక్కుతూ. "కాళ్ళు ఆడించుకుంటాడంతే. భోంచేసిరా."

బస్తా భోజనానికి వెళ్ళలేదు. మొహం కడుక్కుని, తలకు కట్టుకునే మందపాటి తోలు టోపీని సంచిలో పెట్టుకుని, చేపల గాలపు కర్రకు బిగించి దారం చుట్టే రీలు కొనడానికి బజారుకు వెళ్ళాడు.

ఆ రీలు కథ మామగారితో మొదలవుతుంది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషి, దెబ్బలు తిని బతికేవాడికి కూతుర్నివ్వనని పట్టుబట్టాడు. వీళ్ళిద్దరూ చెప్పకుండా పెళ్ళి చేసుకొచ్చిన రోజు గుమ్మంలోనే చెప్పు తీసి అల్లుణ్ణి వాయించాడు. కూలి పుచ్చుకోకుండా బస్తా తిన్న దెబ్బలు జీవితంలో అవే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు. అత్తగారు పోయాక ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, గాలపు కర్రలు అల్లుడి భుజం మీద పడేసి, "మోసుకురా," అన్నాడు. అంతే, క్షమాపణ అయిపోయింది.

మామగారిది వానపాము గుచ్చి కూర్చునే వేట కాదు. పురుగులా కట్టిన ఈకల గాలంతో పట్టే వేట. ఈకకు బరువుండదు కాబట్టి బరువంతా దారానికే ఉంటుంది. మోకాలిలోతు ఏట్లో నిలబడి ఆ దారాన్ని తలమీదుగా వెనక్కీ ముందుకీ ఆడించి, నీళ్ళ మీద ఈగ వాలినట్టు దించాలి. ఒడ్డు మీద నోరు మెదపని ముసలాయన నీళ్ళలోకి దిగితే మాట్లాడేవాడు. బస్సులు, బ్రేకులు, చనిపోయిన భార్య వంట, అన్నీ ఏట్లోనే చెప్పాడు. బస్తాను మొదటిసారి "అల్లుడూ" అని పిలిచింది కూడా ఏట్లోనే.

కిందటి ఆదివారం ఆయన వీపు తిప్పుకుని దూరంగా దారం విసురుతుండగా బస్తా కుడిచెయ్యి ఇంకెవరిదో అయిపోయింది. ఆయన ఇచ్చిన కర్ర జారి, రీలు బండరాయికి కొట్టుకుంది. చట్రం వంకరపోయి, చక్రం తిప్పితే గీరుకుంటోంది. "నూనె వేసి తెస్తాను మామయ్యా," అని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చేశాడు. నిజం చెప్తే చెయ్యి సంగతి చెప్పాలి. మామకు చెప్తే భార్యకు చెప్పినట్టే. ఆమె హాలుకు వెళ్ళనివ్వదు, ఏట్లోకి దిగనివ్వదు. హాలు పోతే పోయింది, ఇంకో పని వెతుక్కోవచ్చు. ఏరు పోతే మాత్రం ఆ ముసలాయన మళ్ళీ ఒడ్డు మనిషైపోతాడు. ఇన్ని దెబ్బలు తిన్న బస్తాకు ఏ దెబ్బకూ వెయ్యనంత భయం ఆ ఆలోచనకు వేసింది. ఆదివారంలోపల అలాంటి రీలు ఇంకొకటి సంపాదించాలి.

గాలాల దుకాణంలో మెడకు టై కట్టుకున్న సేల్స్‌మన్ అతని ముక్కు చూసి, చొక్కా చూసి, "మీ బడ్జెట్ ఎంతండీ?" అని మర్యాదగానే అడిగాడు. బస్తా చెప్పాడు.

"ఆ ధరకు మంచి రీలు పెట్టే ఖాళీ డబ్బా వస్తుంది సార్," అని నవ్వి, ఒక తళతళలాడే రీలు చేతికిచ్చాడు. బస్తా చక్రం ఊడదీసి చూశాడు. పైన వెండిరంగు, లోపల పళ్ళన్నీ ప్లాస్టిక్. నాలుగు పెద్ద చేపలు లాగితే పళ్ళు రాలిపోతాయి. తన నోట్లో ఎన్ని రాలాయో తెలిసినవాడు కనక మారుమాట్లాడకుండా బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

పాత సామాన్ల షాపు సందు చివర ఉంది. షాపావిడ అతన్ని చూడగానే గల్లాపెట్టె మూసేసింది.

"ఎవరు కొట్టారయ్యా అంతలా?"

"ఉద్యోగం అక్కా," అన్నాడు బస్తా. "పాత రీళ్ళేమైనా ఉన్నాయా? ఈకల గాలానివి."

ఎవరింటి అటకో ఖాళీ చేసినప్పుడు వచ్చిన పెట్టెను ఆవిడ కాలితో ముందుకు తోసింది. బస్తా నేలమీద కూర్చున్నాడు. రీలంటే దారం దాచుకునే డబ్బానే, డబ్బుంటే దారానికి పెట్టు అనేవాడు మామగారు. కాని చేప పెద్దదైతే చక్రం వణక్కూడదు, ఇరుక్కోకూడదు. మొదటిది తిప్పితే తాగినవాడిలా తూలింది. రెండోదానికి అంచు మీద నొక్కు, దారం తెగుతుంది. మూడోది చూడ్డానికి దిక్కుమాలినది. రంగంతా పోయింది, పిడి అరిగింది, పలక మీద ఎవరో మేకుతో గీకిన గీతలు. ఎడమచేత్తో తిప్పి, ఇంకా పనిచేసే చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కు టిక్కు టిక్కుమని తప్పులేకుండా పలికింది. వేలు అడ్డం పెడితే ఒద్దికగా ఆగింది. రంగు పోయినందుకే ఇది పెట్టె అడుగున పడి ఉందని అర్థమై బస్తా మనసు ఎగిరి గంతేసింది, మొహం మాత్రం బేరానికి తగ్గట్టు చిట్లించాడు.

షాపావిడ చెప్పిన ధర అతని జేబు కంటే పెద్దదే. "తగ్గించు అక్కా, దీని మొహం చూడు."

"నీ మొహం కంటే బాగానే ఉంది," అందావిడ. తర్వాత సంచిలోంచి తొంగిచూస్తున్న తోలు టోపీ ఆవిడ కంట్లో పడింది. "అదిస్తావా? ఇలాంటివి గోడకు తగిలించుకునే పిచ్చివాళ్ళు ఉన్నారు. ఇచ్చెయ్, రీలు పట్టుకుపో."

బస్తా ఆలోచించాడు. టోపీ కనుబొమ చిట్లకుండా కాస్తుంది గాని లోపల మెదడు అదరకుండా కాయదు. ఈ ముక్క హాలులో అందరికీ తెలుసు. పైగా మధ్యాహ్నం మెల్లగానే అన్నాడు కోచ్. లోపలి చెమటను చొక్కా అంచుతో తుడిచి, టోపీ ఆవిడ చేతిలో పెట్టాడు.

హాలులో అందరికీ ఉమ్మడిగా ఒక టోపీ ఉంది. లోపలి దూది ఎప్పుడో రాలిపోయి, గుడ్డముక్కలా వేలాడుతుంది. దాన్నే కట్టుకుని బరిలోకి దిగాడు. మొదటి రౌండు నిజంగానే మెల్లగా సాగింది. ఛాంపియన్ కాళ్ళు ఆడించుకుంటూ చుట్టూ తిరిగాడు, బస్తా తిరిగాడు. రెండో రౌండులో వాడు చేతులు మరీ దించేస్తే, గుర్తుచేద్దామని బస్తా ఎప్పటిలాగే కుడిచేత్తో ఒకటి తగిలించాడు. మెత్తగానే అనుకున్నాడు. మొద్దుబారిన చేతికి మెత్తన ఏదో గట్టి ఏదో తెలియలేదు. ఛాంపియన్ కింది పెదవి చిట్లింది. రక్తం ఛాతీ మీద బొట్లుగా పడింది.

"నన్నే కొడతావురా?" అన్నాడు వాడు.

"పొరపాటు... చెయ్యి..." అనబోయాడు బస్తా.

మిగతా మాటలు పళ్ళలోనే ఇరుక్కున్నాయి. మొదటి గుద్దు నోటి మీద, రెండోది కాలేయం మీద. వంగినవాణ్ణి మోచేత్తో ఎత్తి తాళ్ళకు ఆనించి, తలకు అటొకటి ఇటొకటి వాయించడం మొదలుపెట్టాడు. టోపీ కళ్ళ మీదికి జారింది. చీకట్లోనే దెబ్బలు పడ్డాయి. చెవి, దవడ, మెడ, మళ్ళీ అదే చెవి. చివరిది కణత మీద పడినప్పుడు బస్తాకు చప్పుడు వినిపించింది గాని నొప్పి తెలియలేదు. అయినా తాళ్ళు పట్టుకుని నిలబడే ఉన్నాడు, అలవాటు.

"చాలు! చాల్రా వెధవా, చంపుతావా!" కోచ్ మధ్యలో దూరాడు. ఛాంపియన్‌ను అవతలికి నెట్టి వచ్చి, "ఏం బస్తా, బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు బస్తా. బాత్రూములోకి వెళ్ళి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నీళ్ళు కొట్టుకున్నాక నిజంగానే కాస్త బాగుందనిపించింది. సంచి తడిమి చూసుకున్నాడు. రీలు భద్రంగా ఉంది.

పొద్దు వాలేవేళకు ఇల్లు చేరి, బట్టలు కూడా మార్చుకోకుండా రీలు పని పట్టాడు. గీతలన్నీ కప్పబడిపోయేలా నల్ల బూటు పాలిష్ పట్టించి గుడ్డతో రుద్దాడు. మామగారి రీలుకు కవల పిల్లలా తయారైంది. భార్య తడిగుడ్డ తెచ్చి అతని చెవి వెనక రక్తం తుడిచింది.

"మొహం అద్దంలో చూసుకున్నారా?"

"చూస్తే ఏముంది, పాతదే."

"నాన్న రీలు ఇంత నల్లగా ఉండేదా?"

"పాలిష్ పెట్టాను కదా. పెడితే నువ్వు కూడా ఇంత నల్లగానే ఉంటావు," అన్నాడు. ఆమె తడిగుడ్డతోనే భుజం మీద ఒకటిచ్చింది. ఇద్దరూ నవ్వారు. తల పగిలిపోతోందని మాత్రం అతను చెప్పలేదు. ఈ నాలుగు చుట్లూ చుట్టేశాక పడుకోవచ్చనుకున్నాడు.

దారం చుట్టడానికి రెండో మనిషి కావాలి. కొత్త దారపు ఉండలో పెన్సిలు గుచ్చి రెండు చివర్లూ ఆమె పట్టుకుంది. బల్ల ఇవతల కూర్చుని అతను ఎడమచేత్తో చక్రం తిప్పాడు. టిక్కు టిక్కుమంటూ దారం ఆమె చేతుల మధ్య నుంచి అతని చేతుల్లోకి వరసగా నడిచింది. ఎంత బాగా తిరుగుతోందో చూశావా అని అతను అంటుండగా తలుపు చప్పుడైంది.

ఆమె పెన్సిలును రెండు గ్లాసుల మీద అడ్డంగా ఆనించి లేచింది. గుమ్మంలో నాన్న. ఆదివారం కాని రోజు ఆయన ఈ గడప తొక్కడం ఆమె ఎరగదు.

"వాడున్నాడా?"

"ఉన్నారు నాన్నా. నీ రీలుకు దారం చుడుతున్నారు."

"నా రీలా?" ముసలాయన గొంతు తగ్గించాడు. "అది రాయి మీద పడి వంకరపోయింది కదమ్మా. అంత చప్పుడైతే నాకు వినపడదా? సిగ్గుపడతాడని ఇటు తిరగలేదు."

"మరి ఆయన..."

"రీలు గొడవ వదిలెయ్. వాడి కుడిచెయ్యి పట్టు తప్పుతోంది. చాన్నాళ్ళుగా చూస్తున్నాను. తనే చెప్తాడని ఊరుకున్నాను, తప్పు చేశాను. డాక్టరుతో మాట్లాడి వచ్చాను, రేపు పొద్దున తీసుకురమ్మన్నాడు. ఇంక ఆ దెబ్బల పని వద్దు. నా పెన్షనుంది, ముగ్గురం తిందాం."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అతను కూడా వినాలని లోపలికి తిరిగింది. టిక్కు టిక్కు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

"ఏమోయ్ అల్లుడూ," అన్నాడు ముసలాయన చెప్పులు విడుస్తూ. "ఏట్లో చెప్పాల్సినవన్నీ ఇంట్లో చెప్పిస్తున్నావు."

బస్తా బల్ల మీదికి వాలి ఉన్నాడు, చెంప కింద నల్లటి గుడ్డ. అలసి నిద్రపోయాడనుకుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి బరువుకే అతను పక్కకు ఒరిగాడు. ముసలాయన వచ్చి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టాడు, మెడ మీద పెట్టాడు, మళ్ళీ ముక్కు దగ్గర పెట్టాడు. తర్వాత ఆ మొద్దుబారిన కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఒడ్డు మీద నోరు మెదపని ఆ మనిషి, వీధిలో జనం పోగయ్యేలా ఏడ్చాడు.

బల్ల మీద రెండు గ్లాసులకు అడ్డంగా పెన్సిలు, దాని మీద చుట్టాల్సిన దారం ఇంకా సగానికి పైనే ఉంది.