కరెంటు పోయిన మూడు రోజులు

మంచు బరువుకి కరెంటు తీగ తెగిపడే వేళకి వదినా ఆడపడుచూ హాల్లో చెరో మూలా కూర్చుని ఉన్నారు. ఎనిమిది నెలల కిందట పోయిన అన్నగారి వడ్రంగి పనిముట్లు తీసుకుపోదామని ఆడపడుచు వచ్చింది. "టీ అయినా తాగి వెళ్ళు" అని వదిన మాటవరసకి అంది. ఈవిడ మాటవరసకే తలూపింది. నీళ్ళు కాగకముందే ఇల్లంతా మూగబోయింది.

ఆడపడుచు కారు తీసి బయల్దేరింది గానీ పావుగంటలో తిరిగొచ్చింది.

"దారికడ్డంగా చెట్టు పడింది వదినా. ఇవాళ తీసేలా లేరు."

వదిన గుండెల్లో రాయి పడింది. ఆమె దర్జీ. పరాయివాళ్ళ కొలతలు క్షణంలో పట్టేస్తుంది గానీ, ఈ బస్సు డ్రైవరు ఆడపడుచుతో పదకొండేళ్ళుగా పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

ఊరికి దూరంగా ఉన్న ఆ ఇల్లు నూరేళ్ళ నాటిది. గదికో హీటరు పెట్టించాడు ఆమె భర్త. బావి నీళ్ళు ఎక్కించే పంపూ కరెంటుదే. సాయంత్రానికల్లా చలి గోడల్లోంచి నడిచి వచ్చినట్టు వచ్చింది. మిగిలింది వంటింట్లోని పాత ఇనప పొయ్యి ఒక్కటే. వదిన కట్టెలు పేర్చి వెలిగించింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఆ పొయ్యి మాత్రం పొగే ఇచ్చింది. ఇద్దరూ దగ్గుతూ పెరట్లోకి పరిగెత్తారు.

"పొగగొట్టంలో ఏదో అడ్డం పడింది. పొడుగాటి కర్ర ఉందా?" అంది ఆడపడుచు.

కర్రతో పొడిస్తే పిట్టగూడు, దాని వెనకే బుట్టెడు మసి ఆవిడ నెత్తిన పడ్డాయి. వదినకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆడపడుచు పాత కాగితాలు గొట్టం మొదట్లో కాల్చి, దాన్ని కాస్త వేడెక్కనిచ్చి, అప్పుడు కట్టెలు అంటించింది. మంట బుద్ధిగా పైకి లేచింది. తరవాత నేలమాళిగలోకి దిగి, గడ్డకట్టి పైపులు పగలకుండా వాటిలో నీళ్ళన్నీ బయటికి వదిలేసి వచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ పరుపులు వంటింట్లోకి లాక్కొచ్చి, పొయ్యికి అటొకరూ ఇటొకరూ పడుకున్నారు.

మర్నాడు వదిన కిటికీ వెలుగులో ఒక కోటుకి లోపలి అస్తరు కుడుతోంది. ఆడపడుచు గిన్నెలో మంచు కరిగిస్తోంది. ఎంతసేపని నోరు కుట్టేసుకుని కూర్చుంటారు?

"ప్రతి సెలవులకీ నిన్ను రమ్మని మీ అన్నయ్య చేత కబురు పెట్టేదాన్ని. ఒక్కసారైనా రాలేదు" అంది వదిన, సూది మీంచి చూపు తిప్పకుండా.

"నాకా? ఏ కబురూ రాలేదే. నీకు తలనొప్పులనీ, ఇంట్లో మనుషులుంటే పడదనీ చెప్పేవాడు అన్నయ్య."

సూది ఆగింది. "నేను తలనొప్పన్నదే ఎరగను. నువ్వే నా మొహం చూడనన్నావని చెప్పాడు నాకు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్ళ కిందట అత్తగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఆవిణ్ణి ఎవరింటికి తీసుకెళ్ళాలని వీళ్ళిద్దరూ వరండాలో గొంతు చించుకున్నారు. మధ్యలో నిలబడి చెమటలు కక్కాడు పాపం వదిన భర్త. పామూ చావకుండా కర్రా విరగకుండా బతకాలనుకునే మనిషి. మళ్ళీ అంత గొడవ చూడలేక, ఇద్దరికీ నడుమ తనే గోడై కూర్చున్నాడు.

వదినకి ఒళ్ళు మండింది. వెంటనే బాధేసింది. పోయిన మనిషి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. తమ మంచికే చేశాడని సరిపెట్టుకోబోయింది. కుదరలేదు. ఎన్ని పండగలూ పబ్బాలూ, ఎన్ని మామూలు ఆదివారాలు, ఒట్టిపుణ్యానికి పోయాయి.

"బతికుంటే ఇద్దరం కలిసి దులిపేసేవాళ్ళం" అంది ఆడపడుచు నెమ్మదిగా.

"ఇప్పుడైతే మాత్రం ఎవరడ్డు?"

దులిపేశారు. పిరికివాడంది చెల్లెలు. ఒట్టి అబద్ధాలకోరు, అదీ మొహం మీద చిరునవ్వుతో అంది భార్య. ఆ చిరునవ్వు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది కాబోలు, ఏడుపు ముంచుకొచ్చింది. గిన్నెలో నీళ్ళు మరిగి పొంగేదాకా ఏడుస్తూనే ఉన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటొచ్చింది, చెట్టూ తీశారు. ఆడపడుచు పైపుల్లోకి మళ్ళీ నీళ్ళు ఎక్కించి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, పనిముట్ల పెట్టె కార్లో పెట్టుకుని వెళ్ళింది.

వచ్చే ఆదివారం వస్తానంది. వచ్చింది. పొయ్యి ఇలాగే ఉంచాలని వదినా, తీయించేసి కొత్తది పెట్టించాలని ఆడపడుచూ గట్టిగానే వాదించుకున్నారు. గొంతులు పెరిగాయి. సర్దిచెప్పేవాళ్ళు ఎవరూ లేరు. కాసేపటికి వాదన దానంతటదే చల్లబడింది. ఏదీ తేలకుండానే ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు.