జట్టుకి నోరు

వెర్లిన్ హౌగెన్ మేకులూ తాళాలూ అమ్మే దుకాణం వెనక గదిలో, విస్కాన్సిన్ మంచుకాలమంతా, ప్రతి శనివారం మధ్యాహ్నం పాచికలాట నడిచేది. కాగితం మీద రాసుకున్న యోధులు, గుహలు, రాక్షసులు. గుహలో ఏముందో చెప్పేవాడు బడిపంతులు ఓరిన్. గుహలో ఎవరేం చేస్తారో అతనికి చెప్పే హక్కు మిగిలిన నలుగురిలో ఒక్కరికే. మిగతావాళ్లు తమ మాట ఆ ఒక్కరి చెవిలో వేయాలి. ఆ మనిషిని జట్టుకి ‘నోరు’ అనేవాళ్లు. 1976 నుంచి మూడేళ్లుగా ఆ నోరు వెర్లినే.

జున్ను ఫ్యాక్టరీలో పనిచేసే మార్లిస్ టాఫ్టే ఈ ఆటలో చేరి పది వారాలైంది. మొదటి రోజే మూడు పాచికలూ ఆరు మీద పడ్డాయి. ఆమె యోధురాలు గున్హిల్డ్ బలం పద్దెనిమిది. బలం సంగతి అలా ఉంచితే, ఆమె చెప్పిన ఉపాయాలు కూడా పారుతున్నాయి. వెర్లిన్ లెక్కేసుకున్నాడు: తన మూడేళ్లకి చచ్చినవి రెండు డ్రాగన్లు, ఆమె పది వారాలకి మూడు. అందరూ ఆమె మొహం చూశాకే తన మొహం చూస్తున్నారు. ఆ చూపులు అతనికి గుండెల్లో మంట.

"ఈవేళ నోరుని మారుద్దాం. పాచికలతో ఓటేద్దాం. ఎవరు కావాలో వాళ్ల ముందుకి తలా ఒక పాచిక దొర్లించండి" అన్నాడు జట్టులో ఇంకొకడు ఆర్లో, నోట్లో జున్నుముక్క పెట్టుకుని.

"ముందు ఆట సరిగ్గా ఆడదాం" అని వెర్లిన్ నియమాల పుస్తకం తెరిచి ఒక వరస మీద వేలు పెట్టాడు. "చూడు ఓరిన్. ఆడ యోధుల బలం పద్నాలుగు దాటకూడదు. ఆమెది పద్దెనిమిది!"

"నిప్పులు కక్కే బల్లిని నమ్ముతావు గానీ, బరువెత్తే ఆడదాన్ని నమ్మవా?" అన్నాడు ఆర్లో.

"పుస్తకంలో ఉంది. నేను రాశానా?"

మార్లిస్ రబ్బరు తీసింది. "ఉంటే చెరిపేస్తాను. మరి మీ యోధుడు థోర్వాల్డ్ సంగతేంటి?"

"వాడి సంగతేంటి?"

"కిందటి నెల గుహలో పచ్చ మడుగు నీళ్లు తాగొద్దని నేనంటే, ‘నాకు చెప్పొచ్చావా’ అని గటగటా తాగించారు కదా. మంత్రం తగిలి వాడు ఆడదైపోయాడు."

"థోర్వాల్డమ్మ!" ఆర్లో బల్ల గుద్దాడు. "మరిచేపోయాం!"

థోర్వాల్డ్ బలం పదిహేడు. ఓరిన్ పుస్తకం మూయబోయాడు. "పాత చాదస్తం. వదిలేద్దామా వెర్లిన్? ఇద్దరికీ నష్టం లేదు."

వెర్లిన్ బేరం తూచాడు. వదిలేస్తే తనకి పదిహేడు మిగుల్తుంది, ఆమెకి పద్దెనిమిది మిగుల్తుంది. ఆ రెండోది మింగుడు పడలేదు.

"నియమం నియమమే" అని తన అంకెని కాగితం చిరిగేలా రుద్దేశాడు. పద్నాలుగు. ఆమె కూడా పద్నాలుగు రాసుకుంది, ముఖం చిట్లించకుండా. వెర్లిన్‌కి ఒక్క నిమిషం హాయిగా అనిపించింది.

తర్వాత ఓట్లు. నాలుగింట మూడు పాచికలు మార్లిస్ ముందు ఆగాయి. బలానికీ నోటికీ సంబంధం లేదన్న సంగతి అతని లెక్కలోకి రానే లేదు.

"ఎదురుగా ఇనప తలుపు. తాళం వేసుంది" అన్నాడు ఓరిన్.

మార్లిస్ వెర్లిన్ వైపు తిరిగింది. "తాళాల గురించి మీకంటే ఎవరికి తెలుసు? చెప్పండి, మీ థోర్వాల్డమ్మ ఏం చేస్తుంది?"

వెర్లిన్ ఓరిన్‌తోనే చెప్పబోయాడు. ఓరిన్ చెవులు మూసుకుని మార్లిస్‌ని చూపించాడు.

చేతిలో రబ్బరుని నలుపుతూ, వెర్లిన్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.